సేటు దుకాణంలో ఆదివారం బాటీ

నల్లగొండలో క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజారు వైపు నడిచేవారికి ఆ మిఠాయి దుకాణాన్ని కొత్తగా పరిచయం చేయనవసరం లేదు. బోర్డు మీద హిందీలో ఒక పేరున్నప్పటికీ మూడు తరాలుగా ఊరంతా దానిని సేటు దుకాణమనే అంటున్నది కనుక నేనూ అదే మాట వాడుతాను. నిశ్చితార్థానికి లడ్డూలు, పదో తరగతి ఫలితాలకు కలాకంద్, సాయంత్రం నాలుగు చినుకులు పడితే కచోరీ అన్నట్టుగా సాగే ఆ దుకాణంలో మొన్నటి సంక్రాంతి తరువాత ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెనుక గదిలో ఆరు బల్లలు వేసి రాజస్థానీ భోజనం పెడుతున్నారు. మనిషికి 180 రూపాయలు. నాలుగు బాటీలు, అంటే నిప్పులో కాల్చిన గోధుమపిండి ఉండలు, ఐదు రకాల పప్పులు కలిపి వండిన దాల్, శనగపిండి ముక్కలతో చేసే గట్టా కూర, ఎండు కాయలతో వండే కేర్ సాంగ్రీ, వెల్లుల్లి కారం, తీపి చూర్మా, గ్లాసెడు మజ్జిగ అందులో ఉంటాయి. ఈ నాలుగు నెలల్లో నేను ఆరుసార్లు అక్కడ తిన్నాను. ఒకసారి మాత్రం సగం తిని కోపంతో లేచి వచ్చాను. ఆ సంగతి కూడా చెబుతాను.

ఈ బాటీ నల్లగొండకు రాజస్థాన్ నుంచి నేరుగా వచ్చింది కాదు, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ మీదుగా వచ్చింది. ఈ మాట వింతగా తోచవచ్చు గాని ఆ రాకపోకల్లో కొంత భాగానికి నేనే మోతగాణ్ణి. సేటు తమ్ముని బిడ్డ మా పాఠశాలలో చదివింది. పదో తరగతిలో ఆమెకు లెక్కలు చెప్పింది నేనే. తరువాత ఇంజనీరింగు చదివి, బికనేర్ సంబంధం చేసుకొని, భర్తతో సన్నీవేల్‌లో స్థిరపడింది. 2024 మార్చి మొదటి వారంలో మేము ఆరు నెలల కోసం మా అమ్మాయి దగ్గరికి బయలుదేరుతున్నామని ఎవరి ద్వారా తెలిసిందో గాని, సేటు స్వయంగా ఇంటికి వచ్చి, "సార్, జర ఈ పొట్లం మా పిల్లకు ముట్టజెప్పుండ్రి. బరువెక్కువైతే పాపడాలు తీసేయుండ్రి గని సాంగ్రీ మాత్రం తీయొద్దు" అని రెండు కిలోల సంచి చేతిలో పెట్టాడు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు ఇరవై మూడు కిలోలు అన్న లెక్కలో మా ఇంటావిడ పచ్చళ్లకే చోటు చాలని రోజులవి. అయినా కాదనలేకపోయాను. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో అధికారి ఆ సంచి విప్పి, నల్లగా ఎండిన పురికొసల వంటి వాటిని వేళ్లతో ఎత్తి పట్టుకొని ఇదేమిటని అడిగినప్పుడు, ఎండబెట్టిన కాయ అని మా అమ్మాయి ముందే నేర్పిన ఇంగ్లిషు వాక్యం అప్పజెప్పి బయటపడ్డాను.

ఆ సంచి అందజేయడానికి వెళ్లినప్పుడు తలుపు తీసిన ఆ పిల్ల "సార్, బాగున్నరా? మీరు గట్లనే ఉన్నరు" అని అచ్చమైన నల్లగొండ యాసలో పలకరించింది. మరుక్షణమే లోపలికి తిరిగి అత్తగారితో మార్వాడీలో, కొడుకుతో ఇంగ్లిషులో మాట్లాడింది. అత్తగారు కూడా మాలాగే ఆరు నెలల వీసా మీద బికనేర్ నుంచి వచ్చిన మనిషి. ఆ సంచి విప్పి, సాంగ్రీని గుప్పెడు తీసి వాసన చూసి, ఏమీ అనకుండా కళ్లకద్దుకొన్నదామె. నాకు అప్పటికి అది ఏ చెట్టు కాయో తెలియదు. ఆమె కోడలి చేత చెప్పించింది: అది ఖేజ్డీ చెట్టు కాయ, అంటే మన జమ్మి. దసరానాడు మనం బంగారమని పంచుకొనే ఆకు ఏ చెట్టుదో, ఎడారిలో వాళ్లు లేతకాయ కోసి ఎండబెట్టి ఏడాదంతా కూర వండుకొనేది ఆ చెట్టుదే. తెలంగాణకు రాష్ట్ర వృక్షం జమ్మి అయితే రాజస్థాన్‌కూ అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీ గ్రామంలో రాజుగారి మనుషులు ఆ చెట్లను నరకడానికి వస్తే, అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ మొదలు 363 మంది చెట్లను కౌగిలించుకొని ప్రాణాలిచ్చారన్న కథను ఆమె పొట్లం ముడి వేస్తూనే చెప్పింది. అరవై ఏళ్లుగా జమ్మి ఆకు జేబులో పెట్టుకొంటున్న నేను దాని కాయను కూరగా తిన్నది మొదటిసారి సన్నీవేల్‌లోనే.

ఆ ఆరు నెలల్లో ఆ ఇంట్లోనూ, ఆ ఇంటి ద్వారా పరిచయమైన మరి నాలుగైదు ఇళ్లలోనూ నేను చూసిన తిండినీ, పద్ధతులనూ చెప్పకుండా సేటు భోజనాన్ని తూచడం సాధ్యం కాదు. అక్కడ రాజస్థానీలు మన తెలుగువారంత మంది కనబడరు. ఆర్టెగా పార్కులో పొద్దున నడకకు వెళ్తే మన జిల్లా వాళ్లే పదిమంది ఎదురవుతారు గాని, వాళ్ల పెద్దవాళ్లు ఒక్క బల్ల చుట్టూ పేకముక్కలు పట్టుకొని కూర్చొంటే అంతటితో సరి. అయితే ఆ కొద్దిమందీ ఒకే ఊరివాళ్లు కారు. ఒకరిది బికనేర్, ఒకరిది జోధ్‌పూర్, మరొకరిది ఉదయ్‌పూర్. శనివారం ఒకరింట్లో అందరూ తలా ఒక వంటకం పట్టుకొని కలుసుకొంటారు. అక్కడ దాల్‌లో అల్లం పడిందా, వెల్లుల్లి పడిందా, చూర్మాలో బెల్లం వేయాలా, పంచదార వేయాలా అని పెద్దలంతా పంచాయతీ పెడతారు. పగలంతా కంప్యూటర్ల ముందు కూర్చొనే ఇంజనీర్లు అమ్మల ముందు చేతులు కట్టుకొని ఆ తీర్పులు వింటారు. తప్పు చేసిన కోడలు తప్పించుకోవడానికి వీలే లేదు.

బాటీని రాజస్థాన్ పల్లెల్లో పిడకల నిప్పులో కాలుస్తారు. అపార్ట్‌మెంటులో పిడకలు ఎక్కడివి? కొందరు ఓవెన్‌లో కాలుస్తారు, మరికొందరు ఎయిర్ ఫ్రయర్‌లో. మా శిష్యురాలి ఇంట్లో మాత్రం మన గుంత పొంగనాల పెనం మీద మూత పెట్టి, సన్నని మంట మీద నిదానంగా తిప్పుతూ కాల్చేవారు. ఆ పెనం ఎక్కడిదని అడిగితే, నల్లగొండలో పుట్టింటివాళ్లు ఇచ్చిందేనన్నది. గోధుమపిండి బరకగా ఉంటే తప్ప బాటీ లోపల గుల్లబారదు కనుక, అక్కడి ఇండియన్ స్టోర్లలో లడ్డూ పిండి పేరుతో దొరికే ముతక పిండిని మామూలు పిండిలో కలిపేవారు. పై పెంకు పగిలి, లోపల పొరలు విడి, వేడిగా ఉన్నప్పుడే నేతిలో ముంచితే నెయ్యి నడిబొడ్డు దాకా దిగాలి. పళ్లెంలో పెట్టాక అడుగున నెయ్యి మడుగు కట్టిందంటే అది చల్లారాక ముంచిన బాటీ అని ఆ అత్తగారు నాకు నేర్పిన పరీక్ష. నీళ్లూ కూరగాయలూ కరువైన నేలలో శనగపిండి, మజ్జిగ, ఎండు కాయలు, రోజుల తరబడి నిలువ ఉండే రొట్టె, వీటితోనే ఒక మహా భోజనాన్ని కట్టుకొన్న జనం వాళ్లు. సూట్‌కేసులో వేల మైళ్లు వెళ్లినా చెడని తిండి కావడం వెనుక కారణం అదే. మా ఇంటావిడ తీసుకువెళ్లిన గోంగూర మాత్రం రెండో నెలలోనే బూజు పట్టింది.

పండుగల విషయంలోనూ అదే పట్టుదల చూశాను. హోలీ తరువాత ఎనిమిదో రోజున శీతలా దేవి పేరుతో పొయ్యి వెలిగించకుండా, ముందురోజు వండిన చద్దినే నైవేద్యం పెట్టి తినే బాసోడా అనే ఆచారం వాళ్లది. అమ్మవారు పోసినప్పుడు మనం మొక్కే పోచమ్మకు ఆ దేవత అక్కచెల్లెలే. ఈ మాట చెబితే మా అల్లుడు, "ఫ్రిజ్‌లో మూడు రోజుల కూర తినే మాకు ఏడాదంతా బాసోడాయే మామయ్యా" అన్నాడు. ఆ ఏడు ఏప్రిల్ 9న మన క్రోధి నామ ఉగాది వచ్చింది. మేము పచ్చడి పట్టుకెళ్లి ఇచ్చిన రెండో రోజే, అంటే చైత్ర శుద్ధ తదియనాడు, వాళ్ల గణగౌర్ ముగింపు. హోలీ మరునాటి నుంచి రోజూ కొలిచిన ఈసర్, గౌర్ అనే మట్టి శివపార్వతులను ఆనాడు సాగనంపాలి. అది గురువారం, అందరికీ ఆఫీసు. సాయంత్రం ఆరు దాటాక ఒకరింటి పెరటిలో చేరారు. ఒకావిడ ఎర్రని లెహంగా కట్టి, తల మీద స్టీలు చెంబుతో, నడుముకు ఆఫీసు గుర్తింపు కార్డు వేలాడుతుండగానే పాట అందుకొన్నది. బొమ్మలను పిల్లల నీలం ప్లాస్టిక్ తొట్టిలో నిమజ్జనం చేసి, ఆ నీటిని నిమ్మచెట్టు మొదట్లో పోశారు. పానగల్లు చెరువులో బతుకమ్మను వదిలే మన ఆడపడుచుల ముఖాల్లో కనిపించే దిగులే అక్కడా కనిపించింది.

వాళ్లలో జైనులైన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మిల్పిటాస్‌లోని జైన మందిరానికి వాళ్లతో ఒకసారి వెళ్లాను. దుంపలు తినరు, నియమం పట్టినవారు పొద్దుగుంకాక భోజనం చేయరు. జూలైలో అక్కడ ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది కనుక ఆఫీసు నుంచి వచ్చాక కూడా తినవచ్చుగాని, డిసెంబరులో ఐదింటికి ముందే చీకటి పడితే రాత్రి భోజనాన్ని కూడా డబ్బాలో ఆఫీసుకే తీసుకువెళ్తారట. వాళ్లను ఒక్క విషయంలోనే మనకంటే వెనుకబడినవారిగా చూశాను. మన పిల్లలకు తెలుగు నేర్పడానికి మనబడి తరగతులున్నాయి. మార్వాడీకి అటువంటి బడి ఏదీ నా కంట పడలేదు. రాజ్యాంగం గుర్తించిన భాషల పట్టిక అయిన ఎనిమిదో షెడ్యూలులోనే చోటు దొరకని భాష అది. గణగౌర్ పాటలో పిల్లలు పెదవులు కదిపారేగాని మాటలు పలకలేదు. వాళ్ల చేతిలో నిలిచింది వంటే, అందుకే దాని మీద అంత పంతమేమో.

ఇప్పుడు సేటు దుకాణానికి వస్తాను. సేటు తాతగారు నల్లగొండకు వచ్చింది ఒంటరి కుటుంబంగా. అమ్మవలసింది మనకు, తినేది మనం. కచోరీలోకి పచ్చిమిర్చి ఎక్కువైంది. సన్నకారప్పూస వంటి భుజియాలో మోఠ్ అనే చిన్న పప్పుగింజల పిండి మానేసి వట్టి శనగపిండి వాడారు. బికనేరీ భుజియాకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందులోని ఆ మోఠ్ పిండి రుచికే పెద్దపీట అన్న సంగతిని బికనేర్ వియ్యపురాలు గుర్తుచేసే దాకా ఈ ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. బాటీ అయితే పండుగకో, పబ్బానికో ఇంట్లో చేసుకొనే వంటగా మిగిలి, తరువాత అదీ తగ్గిపోయింది. నలుగురు సాటివారు లేనిచోట తప్పుదిద్దేవారు ఉండరు కదా. అందువల్ల బాటీ పెడదామని తోచినప్పుడు సేటు పిండి తూకం అడిగింది జోధ్‌పూర్ బంధువులను కాదు, సన్నీవేల్ బిడ్డను. ఇక్కడ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అయితే అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. నేను రెండుసార్లు ముందుగా వెళ్లి చూశాను: నెయ్యి డబ్బాకు ఆనించిన ఫోన్‌లో ఆ పిల్ల కనిపిస్తూ, "పెద్దనాన్నా, ఇంక తిప్పకు, పగలనీ" అని అజమాయిషీ చేస్తుంటే, వెనుక పెరటిలో సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో పిడకల నిప్పు మీద సేటు కొడుకు పట్టకారుతో బాటీలు ఆడిస్తున్నాడు. సన్నీవేల్‌లో దొరకని పిడక ఇక్కడ దొరుకుతుంది, ఇక్కడ మరిచిపోయిన కొలత అక్కడ దొరుకుతుంది.

ఫలితం చెప్పాలంటే బాటీ గొప్పగా ఉంది. బొటనవేలితో నొక్కితే నాలుగు చెక్కలై విచ్చుకొంటుంది, లోపల పిండి తడి ఉండదు, పిడక పొగ వాసన సన్నగా నాలుకకు తగులుతుంది. ఆ పొగ వాసన సన్నీవేల్ బాటీకి లేనే లేదు. నెయ్యి మంచిది. కేర్ సాంగ్రీ కూర రెండు చెంచాలే వేస్తారు, అడిగినా మూడోది వేయరు. ఎండు సాంగ్రీ ధర తెలిసినవారెవరూ దానికి నొచ్చుకోరు. కేర్ అనే ఆ చిన్న కాయలోని చేదును మజ్జిగలో నానబెట్టి తీసేయడంలో వాళ్లు ఏ లోటూ చేయలేదు. చూర్మా మాత్రం నాకు పనికిరాలేదు. బాటీలను నలిపి, నెయ్యీ బెల్లమూ కలిపితే సరిపోయేదానికి మిఠాయి దుకాణపు చేయి అడ్డం పడి, పంచదార, యాలకులు, పైన చెర్రీ ముక్క వేసి పెళ్లి లడ్డూ రుచికి తెచ్చారు.

దాల్ గురించి సేటుకూ, సన్నీవేల్‌లోని ఆయన తమ్ముని బిడ్డకూ మధ్య తగాదా ఇంకా తెగలేదు. అక్కడ పులుపుకు మామిడి ఒరుగుల పొడి వేస్తారు, అదీ చిటికెడు. సేటు మాత్రం చింతపండు పులుసు పోసి, ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టి, ఐదు పప్పుల దాల్‌ను మన పప్పుచారుకు మేనత్తను చేశాడు. "మా గిరాకీ తినేది నల్లగొండల బిడ్డా, బికనేర్ల కాదు" అని ఫోన్‌లో ఆయన అనడం నేను విన్నాను. సన్నీవేల్‌లో అంతటి నియమనిష్ఠల వంట తిని వచ్చినవాణ్ణి అయినా, ఈ ఒక్క విషయంలో నా ఓటు సేటుకే. అంత నెయ్యి పట్టిన బాటీకి పులుపు గట్టిగా తగిలితేనే నాలుగోది దిగుతుంది. మామిడి పొడి దాల్‌తో నేను ఏనాడూ రెండు దాటలేదు. పైగా ఆ పిల్ల కూడా అత్తగారు పడుకొన్నాక మిగిలిన దాల్‌లో చింతపండు పిసుక్కొని తినేదని నాకు తెలుసు. వంటింటి పై అరలో, ఓట్స్ డబ్బా వెనుక దాచిన చింతపండు ముద్దను నాకు చూపించింది. బికనేర్ వియ్యపురాలు ఈ వ్యాసం చదవజాలదన్న ధైర్యంతోనే ఈ మాట రాస్తున్నాను.

నేను కోపంతో లేచి వచ్చింది మార్చి రెండో ఆదివారం. ఒంటిగంటన్నరకు వెళ్లాను. బాటీ తెచ్చి పెట్టారు. విరిస్తే విరగలేదు, లోపల బంకగా ఉంది, పళ్లెం అడుగున నెయ్యి పేరుకొని తెల్లబడింది. నాకు నేర్పిన పరీక్ష గుర్తుకు వచ్చింది. పొద్దున కాల్చినవి మిగిలితే వాటిని మైక్రోవేవ్‌లో వేడిచేసి వేశారు. గట్టా కూరలోని శనగపిండి ముక్కలు లోపల పచ్చిగా ఉన్నాయి. పిల్లవాణ్ణి పిలిచి చెబితే, "గట్లనే ఉంటది సార్, రాజస్థాన్ ఐటం" అన్నాడు. రుచి తప్పినందుకు కాదు, తెలియనివారమని ఆ మాట అన్నందుకు కోపం వచ్చింది. మరుసటి రోజు కచోరీ కోసం వెళ్లినప్పుడు సేటుకు విడమర్చి చెప్పాను. ఆయన వాదించలేదు. తరువాతి ఆదివారం నుంచి ఒంటిగంట దాటితే బాటీ లేదని అట్టముక్క మీద తెలుగులో రాసి తలుపుకు కట్టారు. మైక్రోవేవ్‌ను వెనుక గదిలో నుంచి తీసేశారు. గట్టా మాత్రం ఇప్పటికీ ఒక వారం ఉడుకుతుంది, ఒక వారం ఉడకదు. దానిని పక్కకు పెట్టి, ఆ చోటులో ఇంకొక చెంచా దాల్ వేయించుకోవడం ఉత్తమం.

వడ్డన నెమ్మది. గదిలో రెండే ఫ్యాన్లున్నాయి కనుక ఈ మే నెల ఎండలో గోడవైపు బల్ల దొరికితే చెమటలు కారుతాయి. జీలకర్ర వేసిన మజ్జిగ రెండో గ్లాసుకు డబ్బు తీసుకోరు. బండి పెట్టుకోవడానికి ముందు వీధిలో చోటుండదు, క్లాక్ టవర్ దగ్గరే పెట్టి నడవాలి. షుగరు ఉన్నవారు చూర్మా వద్దని ముందే చెబితే దాని బదులు ఒక పాపడ్ ఇస్తారు. పన్నెండు గంటలకు చేరుకొంటే డ్రమ్ములో నుంచి నేరుగా పళ్లెంలోకి వచ్చే మొదటి వాయి అందుతుంది.

మొన్నటి ఆదివారం డబ్బు కడుతుండగా, ఆగస్టులో మళ్లీ అమ్మాయి దగ్గరికి వెళ్తున్నామని నోరు జారాను. సేటు గల్లాపెట్టె మూసి, లోపలికి వెళ్లి, ఈసారి భుజియా, ఖీచియా పాపడాలు, సాంగ్రీ కలిపి కట్టిన సంచి తెచ్చి మిఠాయి త్రాసు మీద పెట్టాడు. రెండు కిలోల మూడు వందల గ్రాములు వచ్చింది. నా ముఖం చూసి, మారుమాట లేకుండా పైనుంచి పాపడాల కట్ట ఒకటి తీశాడు. ముల్లు సరిగ్గా రెండు మీద నిలిచింది. "చింతపండు పెట్టాల్నా సేటూ?" అని అడిగితే, "అది మీ సంచిల పెట్టుకోండ్రి సార్, నా దాంట్ల వద్దు" అన్నాడు.